హాలోవీన్‌ను కాదనడానికి అబద్ధం కావాలా?

కొన్నేళ్ల క్రితం అక్టోబరు నెలాఖరులో మా మస్జిదుకు నమాజుకు వచ్చే ఒక సోదరుడు తన ఏడేళ్ల కుమార్తె స్కూలు డైరీ తెచ్చి మాకు చూపించారు. వచ్చే శుక్రవారం పిల్లలందరూ దెయ్యం వేషంలోనో, మంత్రగత్తె వేషంలోనో రావాలని అందులో రాసి ఉంది. “మౌలానా సాబ్, వద్దంటే పాప ఏడుస్తోంది. అందరూ వేసుకుంటుంటే నేనొక్కదాన్నే ఎందుకు వేసుకోకూడదు అంటోంది. ఇంకొకటి కూడా అడిగింది. చనిపోయినవాళ్లు ఆ రాత్రి ఇళ్లకు తిరిగి వస్తారని క్లాసులో చెప్పారట. అయితే దాదా కూడా వస్తారా అబ్బా అని అడిగింది. ఏం చెప్పమంటారు?” అన్నారాయన. ఆ సంవత్సరమే రమజాను నెలలో వారి తండ్రిగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

మేము ఆయనతో, “జుమా రోజున దీని గురించే మాట్లాడతాను, పాపను తీసుకుని రండి” అని చెప్పి పంపించాము. మా దగ్గర ఎవరో ఇచ్చిన ఒక ఉర్దూ కరపత్రం ఉండేది. హాలోవీన్ అనేది సంహైన్ అనే మృత్యుదేవుడి పండుగ అని, పూర్వం పూజారులు ఇంటింటికీ తిరిగి బలికి పిల్లలను అడిగేవారని, ఆ రోజు ఇబ్లీసు పుట్టినరోజు అని, ఆ రాత్రి పంచే మిఠాయిల్లో విషం కలుపుతారని అందులో ఉంది. మేము అదంతా మింబరు పక్కన నిలబడి గట్టిగా చదివి వినిపించాము. వినేవారు తలలూపారు. మాకు కూడా ధర్మానికి ఒక సేవ చేశామన్న తృప్తి కలిగింది.

నమాజు ముగిశాక ఇంజనీరింగు చదివే ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి సలాం చేసి మెల్లగా ఇలా అన్నాడు: “హజ్రత్, నేను హాలోవీన్ చేసుకోను, చేసుకోవాలని కూడా లేదు. కానీ సంహైన్ అనే దేవుడే లేడని నేను చదివాను. రేపు నా స్నేహితులు ఇది తప్పని చూపించి, మీ మౌలానా చెప్పే మిగతా విషయాలు కూడా ఇలాంటివేనా అని అడిగితే నేనేం చెప్పాలి?”

మా దగ్గర జవాబు లేదు. “చూసి చెబుతాను బేటా” అన్నాము. చూడటానికి చాలా నెలలు పట్టింది. ఈ వ్యాసం ఆ జవాబే.

ప్రియ పాఠకులారా! ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒక చెడును ఆపాలన్న మంచి ఉద్దేశంతో చెప్పిన అబద్ధం ధర్మానికి సేవ అవుతుందా? ఒక ఆచారాన్ని తూచేటప్పుడు అది ఎక్కడ పుట్టిందో చూడాలా, ఈనాడు ఏం చెబుతోందో చూడాలా? వీటికి జవాబు వెతకాలంటే ముందు జరిగిన చరిత్ర ఏమిటో తెలుసుకోవాలి.

సావిన్: వేసవి ముగింపు

రాతలో ‘సంహైన్’లా కనిపించే ఈ మాటను ఐర్లాండు వాసులు ‘సావిన్’ అని పలుకుతారు. దీని అర్థం ‘వేసవి ముగింపు’ అని ఎక్కువ మంది పండితులు చెబుతారు. ఐరిష్ భాషలో నేటికీ నవంబరు నెల పేరు ఇదే. అది ఒక కాలం పేరు, దేవుడి పేరు కాదు. 18వ శతాబ్దంలో ఐర్లాండులో పనిచేసిన చార్లెస్ వాలెన్సీ అనే బ్రిటిష్ సైనికాధికారి తన ఊహతో దానిని ఒక దేవుడి పేరుగా రాశాడు. తరువాతి వారు పరిశీలించకుండా ఆ మాటను ఒకరి నుండి ఒకరు తీసుకుంటూ పోయారు. అది చివరకు మా చేతిలోని కరపత్రం దాకా వచ్చింది.

ఐర్లాండు, స్కాట్లాండుల ప్రజలు ప్రధానంగా పశువుల మీద బతికేవారు. వేసవిలో కొండల మీది పచ్చికకు తోలిన పశువులను చలికాలం ముందు కిందికి దింపేవారు. చలికాలమంతా మేపలేని వాటిని కోసి మాంసం నిలవ చేసుకునేవారు. పగలు కురచబడి, చీకటి పెరిగే ఆ మలుపునే వారు అక్టోబరు 31 సాయంత్రం నుండి నవంబరు 1 వరకు పాటించేవారు. మంటలు వేసేవారు, విందులు చేసేవారు. మట్టి దిబ్బల కింద నివసించే అదృశ్య జాతి ఒకటి ఉందనీ, ఆ రాత్రి దిబ్బల తలుపులు తెరుచుకుంటాయనీ వారి కథల్లో ఉంది.

అయితే ఈ కథలు మనకు అందినది క్రైస్తవ సన్యాసుల రాతల ద్వారా. అవి ఐర్లాండు ప్రజలు క్రైస్తవులైన కొన్ని శతాబ్దాల తరువాత రాసినవి. డ్రూయిడ్లు అనబడే ఆ పూర్వ పూజారులు తమ మతం గురించి ఏదీ రాసి పెట్టలేదు. గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సు ప్రాంతంలో, డ్రూయిడ్లు నరబలులు జరిపించేవారని రోమను సేనాని జూలియస్ సీజరు రాశాడు. ఆ రాతలో సావిన్ పండుగ ప్రస్తావన లేదు. బలికి పిల్లలను అడుగుతూ ఇంటింటికీ తిరిగారన్న మాటకు ఏ పాత గ్రంథంలోనూ ఆధారం లేదు. ఇబ్లీసు పుట్టినరోజు అన్న మాట కేవలం కల్పన.

చర్చి వేసిన రెండు రోజులు

‘హాలోవీన్’ అనే పేరు మాత్రం పూర్తిగా క్రైస్తవ మతం నుండి వచ్చింది. పాత ఆంగ్లంలో ‘హాలో’ అంటే పుణ్యపురుషుడు. నవంబరు 1 క్రైస్తవులలో సకల పుణ్యపురుషుల పండుగ. దాని ముందు సాయంత్రం ‘హాలోస్ ఈవెన్’. అదే నోట్లో నలిగి హాలోవీన్ అయింది.

రోము నగరంలో సకల దేవతల గుడిగా ఉన్న పాంథియన్‌ను పోపు నాలుగవ బోనిఫేసు 609 ప్రాంతంలో మే 13న మర్యమ్ (అలై) పేరిట, తమ ధర్మం కోసం ప్రాణాలిచ్చిన వారి పేరిట చర్చిగా మార్చాడు. మొదట్లో ఆ జ్ఞాపకం మే నెలలోనే ఉండేది. 9వ శతాబ్దం తొలి నాటికి ఇంగ్లాండులోనూ జర్మను ప్రాంతాల్లోనూ నవంబరు 1న జరపడం కనిపిస్తుంది. 835లో పోపు నాలుగవ గ్రెగరీ ప్రోత్సాహంతో ఫ్రాంకుల చక్రవర్తి లూయీ తన రాజ్యమంతటా ఆ తేదీనే ఖాయం చేశాడు. ఆ తరువాత సుమారు 1000వ సంవత్సరం నాటికి ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఓడిలో నవంబరు 2ను మరణించిన సామాన్య విశ్వాసులందరి కోసం ప్రార్థించే రోజుగా నియమించాడు.

సావిన్‌ను మింగేయడానికే చర్చి నవంబరు 1ని ఎంచుకుందని సాధారణంగా చెబుతారు. కానీ సావిన్ ఉన్న ఐర్లాండులోనే పాత కాలంలో సకల పుణ్యపురుషుల పండుగ ఏప్రిల్ 20న జరిగేదని, నవంబరు తేదీ మొదట జర్మను ప్రాంతాల వైపు కనబడుతుందని ఆంగ్ల చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ ఎత్తి చూపాడు. అంటే ఈ పండుగను ‘మారుపేరు పెట్టుకున్న విగ్రహారాధన’ అని ఒక్క మాటలో తేల్చడం కూడా చరిత్రకు న్యాయం చేయదు.

దుఆ నుండి బెదిరింపు దాకా

మరణించిన వారి రోజు కుదురుకున్నాక ఇంగ్లాండులో ఒక ఆచారం పెరిగింది. బీదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్లేవారు. ఇంటివారు ‘ఆత్మల రొట్టె’ అనే చిన్న తీపి రొట్టె ఇచ్చేవారు. తీసుకున్నవారు ఆ ఇంట్లో చనిపోయిన వారి పాప విముక్తి కోసం ప్రార్థించేవారు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్లు ఈ నమ్మకాన్ని తోసిపుచ్చారు. ప్రార్థన పోయింది. ఇంటింటికీ తిరగడం మాత్రం కొన్ని జిల్లాల్లో 19వ శతాబ్దం దాటి నిలిచింది. స్కాట్లాండులో ముఖానికి మసి పూసుకుని, వేషాలు వేసి, పాటలు పాడి పండ్లో డబ్బులో తీసుకునేవారు. ఐర్లాండులో టర్నిపు దుంపను తొలిచి, ముఖంలా చెక్కి, లోపల దీపం పెట్టేవారు.

1845 నుండి 1852 వరకు ఐర్లాండులో బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఘోరమైన కరువు వచ్చింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షల మందికి పైగా దేశం విడిచిపోయారు. అమెరికా చేరినవారు తమ వేషాలను, దీపాలను వెంట తీసుకుపోయారు. అక్కడ టర్నిపు కంటే పెద్దదిగా, తొలచడానికి తేలికగా గుమ్మడికాయ దొరికింది. ఈనాడు హాలోవీన్ గుర్తుగా అందరూ చూసే గుమ్మడికాయ ఏ పురాతన పూజా ద్రవ్యమూ కాదు. ఆకలితో ఊరు వదిలినవాడికి కొత్త దేశంలో దొరికిన కాయ అది.

20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఆ రాత్రి కుర్రకారు చేసే అల్లరి శ్రుతి మించింది. కిటికీలు పగలగొట్టడం, నిప్పు పెట్టడం దాకా పోయింది. పట్టణాల పెద్దలు వారిని విందులతో, మిఠాయిలతో దారికి తెచ్చుకునే ప్రయత్నం చేశారు. ‘మిఠాయి పెడతావా, అల్లరి చేయమంటావా’ అన్న అర్థం వచ్చే ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ అనే మాట 1920ల నాటికి కెనడా పత్రికల్లో కనిపిస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చక్కెర రేషను ఎత్తివేశాక ఇది అమెరికా అంతటా పాకింది. ఆపైన సినిమాలు, దుకాణాలు దానిని భుజానికెత్తుకున్నాయి. 2023లో అమెరికన్లు హాలోవీన్ మీద సుమారు 1,220 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తారని అక్కడి చిల్లర వర్తకుల సంఘం అంచనా వేసింది.

ఇక విషం కలిపిన మిఠాయి సంగతి. 1974లో టెక్సాసులో ఒక ఎనిమిదేళ్ల బాలుడు ఆ రాత్రి అలాంటి మిఠాయి తిని చనిపోయిన మాట నిజం. విషం పెట్టినవాడు ఎవరో అపరిచితుడు కాదు, బీమా డబ్బుకు ఆశపడిన కన్నతండ్రి. అపరిచితులు పిల్లలకు విషం పెడుతున్నారన్న ప్రచారాన్ని అమెరికా సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆ ప్రచారానికి తగిన సంఘటనలు ఆయనకు కనబడలేదు.

శరత్కాలమే ఎందుకు?

మరణించిన వారిని శరత్కాలంలో తలుచుకోవడం ఒక్క ఐర్లాండు సంగతి కాదు. చైనా పంచాంగంలో శరత్తు మొదలయ్యే ఏడవ నెల పౌర్ణమి ఆకలిగొన్న ఆత్మల పండుగ. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో ఇళ్లలో చనిపోయిన వారి ఫొటోల ముందు పూలు, వారు ఇష్టపడిన వంటలు పెడతారు. మన తెలుగు నేల మీద హిందూ సోదరులు భాద్రపద బహుళ పక్షంలో పితరులకు తర్పణాలు వదులుతారు. తెలంగాణలో ఆ అమావాస్యను పెత్రమాస అంటారు, ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే మొదలవుతుంది. మన ఊళ్లలోని క్రైస్తవ సోదరులు నవంబరు 2న సమాధులను శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. దానిని సమాధుల పండుగ అంటారు.

పంట కోతకు వస్తుంది, ఆకు రాలుతుంది, పగలు తగ్గుతుంది. అప్పుడు మనిషికి పోయినవారు గుర్తుకొస్తారు. ‘నా తండ్రి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు? నా మాట ఆయనకు చేరుతుందా?’ అనే ప్రశ్న ఈ పండుగలన్నింటి కింద ఉంది. ఆ ప్రశ్న ఎగతాళి చేయదగినది కాదు. ఆ ఏడేళ్ల పాప అడిగింది కూడా అదే.

ఇందులో మరొక విచిత్రం కూడా చూడండి. మెక్సికో నగరంలో మరణించిన వారి రోజున జరిగే పెద్ద ఊరేగింపు ఎంతో ప్రాచీనమైనదని చూసేవారు అనుకుంటారు. నిజానికి 2015లో వచ్చిన ఒక జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటి ఊరేగింపును కల్పించి చూపారు. దానిని చూసి 2016 నుండి నగరంలో నిజంగానే మొదలుపెట్టారు. సంప్రదాయం అని పిలవబడేదంతా ప్రాచీనం కాదు. ప్రాచీనమైనదంతా ఈనాడు అదే అర్థంతో బతికి ఉండదు.

పుట్టుకను చూడాలా, ఈనాటి అర్థాన్ని చూడాలా?

ఈ ప్రశ్నకు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితంలో మనకు స్పష్టమైన మార్గదర్శనం ఉంది. ఒక వ్యక్తి ‘బువానా’ అనే చోట ఒంటెలను జిబహ్ చేస్తానని మొక్కుకుని, ప్రవక్త (స) వద్దకు వచ్చి అడిగాడు. ఆయన వెంటనే అవునని గానీ కాదని గానీ అనలేదు. అక్కడ అజ్ఞాన కాలపు విగ్రహం ఏదైనా పూజలందుకునేదా అని విచారించారు. అక్కడ వారి పండుగ ఏదైనా జరిగేదా అని కూడా విచారించారు. రెండూ లేవని తేలిన తరువాతే మొక్కు తీర్చుకోమన్నారు. దీని నుండి మనకు రెండు పాఠాలు లభిస్తాయి. ఒక ఆచారానికి షిర్క్‌తో సంబంధం ఉందా లేదా అన్నది చాలా ముఖ్యమైన విషయం. ఆ సంబంధాన్ని ఊహించకూడదు, అడిగి తెలుసుకోవాలి.

రెండవ ఉదాహరణ సఫా, మర్వా కొండలది. అజ్ఞాన కాలంలో వాటి మీద ఇసాఫ్, నాయిలా అనే విగ్రహాలు ఉండేవి. అందువల్ల ఇస్లాం స్వీకరించిన తరువాత కొందరు సహాబాలు ఆ కొండల మధ్య సయీ చేయడానికి సంకోచించారు. అప్పుడు సూరా బఖరాలో ఆ కొండలు అల్లాహ్ చిహ్నాలేనని, వాటి మధ్య నడవడంలో దోషం లేదని ఆదేశం వచ్చింది. మధ్యలో విగ్రహాలు పెట్టినంత మాత్రాన హాజిరా (అలై) పరుగు విగ్రహారాధన కాలేదు. కనుక ఎప్పుడో ఒకప్పుడు షిర్క్ మరక తగిలిందన్న ఒక్క కారణంతో దేనినైనా కొట్టివేయలేము. అలాగే మరక పాతబడి వెలిసిపోయింది కదా అని దేనినైనా ఒప్పుకోలేము కూడా. అది ఈనాడు మనిషి మనసులో ఏ విశ్వాసాన్ని నాటుతోంది, ఏ గుణాన్ని పెంచుతోంది అని చూడాలి. పుట్టుకను తెలుసుకోవడం విచారణకు మొదటి మెట్టు. తీర్పు ఆ మెట్టు దగ్గరే ఆగిపోదు.

ఈనాటి హాలోవీన్ ఏం నేర్పుతోంది?

ఈ తూకంలో పెట్టి చూస్తే హాలోవీన్‌ను కాదనడానికి కట్టుకథలు అక్కర్లేదు. నిజాలే చాలు.

మొదటిది, మరణం గురించి అది చెప్పే మాట. అజ్ఞాన కాలపు అరబ్బులలో ‘హామా’ అనే నమ్మకం ఉండేది. హత్యకు గురైన వాని ఆత్మ గుడ్లగూబ రూపంలో సమాధి నుండి బయటికి వచ్చి, పగ తీరేదాకా దాహం దాహం అని అరుస్తుందని వారు అనుకునేవారు. ఎడారిలో దారి తప్పించే ‘గూల్’ అనే భూతాన్ని కూడా నమ్మేవారు. ప్రవక్త (స) ఈ రెండింటినీ తోసిపుచ్చారు. మరణించిన వారికీ ఈ లోకానికీ మధ్య ప్రళయదినం వరకు బర్జఖ్ అనే అడ్డుతెర ఉందని దివ్యఖుర్‌ఆన్ బోధిస్తుంది. తిరిగి పంపమని వేడుకునే వాని మాట కూడా అక్కడ చెల్లదు. హాలోవీన్ ఆ తెర ఒక రాత్రి తొలగుతుందని కథ చెబుతుంది, పైగా దానిని ఆట చేస్తుంది. పెద్దలకు అది ఆటేనని తెలుసు. తాతను పోగొట్టుకున్న ఏడేళ్ల పిల్లకు అంత తేడా తెలుస్తుందా?

రెండవది, భయాన్ని వినోదం చేయడం. ప్రయాణంలో ఒకరు నిద్రపోతుండగా మరొకరు సరదాకు ఆయన దగ్గరి తాడు తీస్తే, ఆయన ఉలిక్కిపడి లేచారు. ఒక ముస్లిం మరొక ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని ప్రవక్త (స) అప్పుడు సెలవిచ్చారు. తాడు తీసిన సరదానే అంగీకరించని ధర్మం, రక్తం పూసుకున్న ముఖాలతో చిన్నపిల్లలను ఏడిపించే సరదాను ఎలా అంగీకరిస్తుంది?

మూడవది, పండుగ అనేది ఒక సమాజపు విశ్వాస చిహ్నం. మదీనా వాసులకు ఆటపాటల రోజులు రెండు ఉండేవి. వాటికి బదులుగా అల్లాహ్ వాటికంటే మేలైన రెండు ఈదులను ప్రసాదించాడని ప్రవక్త (స) తెలియజేశారు. పిల్లలకు సంతోషం వద్దని ఆయన అనలేదు, మెరుగైన సంతోషం ఇచ్చారు. మన ఈదులు పిల్లలకు కొత్త బట్టలు, సేమ్యాతోనే ముగిసిపోతుంటే, వారి కళ్లు వేరే పండుగల వైపు తిరగడంలో తప్పు వారిదేనా?

మన ఇంటి సంగతి

సోదర సోదరీమణులారా! ఇతరుల ఇంటి దీపాన్ని విమర్శించే ముందు మన ఇంట్లోని దీపాన్ని కూడా చూసుకోవాలి. షబే బరాత్ నాడు చనిపోయిన వారి ఆత్మలు ఇంటి గడప దాకా వచ్చి చూస్తాయని, హల్వా చేసి ఫాతిహా ఇప్పించకపోతే నిరాశతో తిరిగిపోతాయని మన ఇళ్లలో చాలామంది పెద్దవాళ్లు నమ్ముతారు. మా నానీ కూడా నమ్మేవారు. ఆ రాత్రి ఇబాదత్ గురించి ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయ భేదాలలోకి మేము ఇక్కడ వెళ్లడం లేదు. చనిపోయిన వారి కోసం దుఆ, దానం చేయడం ఎంతో మేలైన పని. కానీ ఆత్మలు ఇంటికి వస్తాయన్న ఈ నమ్మకానికి ప్రామాణిక హదీసులలో మాకు ఆధారం కనబడలేదు. ఇంగ్లాండు బీదవాడి ఆత్మల రొట్టెకూ మన హల్వా మీది ఈ నమ్మకానికీ ఎంత దూరం? ‘చనిపోయినవారు రారు’ అని హాలోవీన్ నాడు పిల్లలకు చెప్పి, షబే బరాత్ నాడు ‘వస్తారు’ అని చెబితే వారు ఏది నమ్మాలి?

ఏం చేయాలి?

స్కూలు నుండి ఇలాంటి కబురు వస్తే తల్లిదండ్రులు వెళ్లి టీచరుతో మర్యాదగా మాట్లాడాలి. ఇది మా విశ్వాసానికి సరిపడదు, పాపకు వేరే పని ఏదైనా ఇవ్వండి అంటే చాలామంది టీచర్లు అర్థం చేసుకుంటారు. వారి పండుగను తిట్టవలసిన పనిలేదు. ఇతరులు ఆరాధించే వాటిని దూషించవద్దని మనకు స్వయంగా అల్లాహ్ ఆదేశం ఉంది.

అమెరికాలో, కెనడాలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇది ఇంకా దగ్గరి సమస్య. ఆ రాత్రి వాకిట్లో దీపం ఆర్పి ఉంచితే ఈ ఇంటివారు పాల్గొనడం లేదని అక్కడ అందరికీ అర్థమవుతుంది, ఎవరూ నొచ్చుకోరు. తెలియక తలుపు తట్టిన పొరుగింటి పిల్లవాడిని మాత్రం కసిరి పంపకండి. పొరుగువారి హక్కు ఆ రాత్రి కూడా పోదు. మిగతా వివరాలు మీ ఊరి నమ్మకమైన ఆలిమ్‌ను అడగండి.

అన్నింటికంటే ముఖ్యంగా పిల్లలకు నిజం చెప్పండి. విన్నదంతా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి సరిపోతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. వార్త వస్తే పరిశీలించమని సూరా హుజురాత్ ఆదేశిస్తుంది. ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించకూడదని సూరా మాయిదా ఆదేశిస్తుంది. ఐర్లాండు పూజారి గురించైనా సరే, అతను చేశాడని ఆధారం లేని నేరాన్ని అతని మీద మోపే హక్కు మనకు లేదు. పైగా అబద్ధం మీద కట్టిన గోడ పిల్లవాడికి పదిహేనేళ్లు వచ్చేదాకానే నిలుస్తుంది. అది కూలినప్పుడు దాని పక్కనే ఉన్న నిజం మీద కూడా వాడికి అనుమానం పుడుతుంది. ఆ ఇంజనీరింగు యువకుడు మాకు చెప్పింది ఇదే.

ఆ తరువాత ఒక జుమా నాడు మేము అదే చోట నిలబడి, ఆ రోజు చెప్పిన వాటిలో ఏవేవి తప్పో ఒక్కొక్కటిగా చెప్పాము. నోరు పొడారిపోయింది. గౌరవం తగ్గుతుందేమోనని షైతాను చెవిలో ఊదుతూనే ఉన్నాడు. ఆ యువకుడు మూడవ వరుసలో కూర్చుని ఉన్నాడు. నమాజు తరువాత వచ్చి మా చేయి గట్టిగా పట్టుకున్నాడు, ఏమీ అనలేదు.

పాప తండ్రి దగ్గరకు మేమే వెళ్లాము. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, “దాదా రారు బేటీ. ఆయన అల్లాహ్ దగ్గర ఉన్నారు. మనమే ఒకరోజు అక్కడికి వెళతాము. అందాకా నువ్వు చేసే దుఆతో అల్లాహ్ ఆయనకు మేలు చేస్తాడు” అన్నాము. పాప కాసేపు ఆలోచించి, “అయితే ఆ రోజు ఒక్కరోజే కాదు, రోజూ చేయొచ్చా?” అని అడిగింది. మా ప్రసంగంలో లేని జవాబు ఆ పిల్ల ప్రశ్నలో ఉంది.

ఓ అల్లాహ్! మా నాలుకలను అబద్ధం నుండి కాపాడు. నీ ధర్మం పేరుతో అబద్ధం చెప్పడం నుండి మరింతగా కాపాడు. మా నుండి దూరమైన మా పెద్దలను క్షమించు. మా పిల్లల హృదయాలను భయంతో కాక సత్యంతో నింపు. ఆమీన్.